ముందు లెక్క, ఆ తర్వాతే తాళం: ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబాల సంఘం ప్రణాళిక

మేము అప్పు తీసుకున్నవాళ్లం. ఆ మాట దాచుకోవడం లేదు. ఇంటి మీద ఒక అంతస్తు వేసుకోవడానికో, పిల్ల ఇంజినీరింగ్ ఫీజుకో, షాపులో సరుకు నింపుకోవడానికో ఉన్న ఒక్క ఇంటి కాగితాలు తీసుకెళ్లి ఫైనాన్స్ కంపెనీ బల్ల మీద పెట్టాం. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, అన్నీ ఇచ్చాం. ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాం. తీసుకున్న అప్పు తీర్చాల్సిందేనని నమ్మేవాళ్లకే ఈ సంఘంలో చోటు. రుణమాఫీ అడగడానికి మేము కూడలేదు.

మేము కూడింది ఒక్క మాట మీద. లెక్క చూపించండి. కిస్తీ తప్పితే మా ఇంటికి తాళం వేసే అధికారం చట్టం మీకిచ్చింది. సరే. ఆ తాళం వేసే ముందు మేము ఎంత తీసుకున్నామో, ఎంత కట్టామో, ఏ తేదీ నుంచి ఏ రేటున వడ్డీ వేశారో, ఏ పేరుతో ఏ చార్జీ కలిపారో మాకు చదవడం వచ్చిన భాషలో రాసి, ఒక మనిషి తన పేరు, హోదా పెట్టి సంతకం చేసి ఇవ్వండి. ఆ లెక్క తప్పని తేలితే సంతకం పెట్టిన మనిషీ, పెట్టించిన కంపెనీ జవాబు చెప్పాలి. ఈ ప్రణాళికలో మిగతాదంతా ఈ కోరిక ఎందుకొచ్చింది, ఎలా సాధిస్తాం అన్నదే.

ఒక స్టేట్‌మెంట్ చదువుదాం

మాలో ఒకాయనది టైలరింగ్ షాపు. ఇంటి మీద పన్నెండు లక్షలు తీసుకున్నాడు. ఊరు, పేరు, కంపెనీ ఇక్కడ చెప్పం. లోను స్టేట్‌మెంట్ కావాలని బ్రాంచికి వెళ్తే మేనేజరు లేడన్నారు, మళ్లీ వెళ్తే యాప్‌లో చూసుకోమన్నారు, చివరికి రాతపూర్వకంగా అడిగాక కాగితాలు చేతికొచ్చాయి. ఆ కాగితాలు నలుగురం కూర్చుని గీత గీతా చదివాం.

పన్నెండు లక్షలకు మొదటి రోజు నుంచీ వడ్డీ పడింది. చేతికొచ్చింది మాత్రం పన్నెండు కాదు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు, వాల్యుయేషన్ ఫీజు పోయాయి. ఆయన అడగని ఇన్సూరెన్స్ పాలసీ ప్రీమియం కూడా ఒకేసారి లోనులోంచే కట్ అయ్యింది. అంటే ఆ ప్రీమియం మీద కూడా పదిహేనేళ్లు వడ్డీ కడతాడు. చెక్కు మీద ఒక తేదీ ఉంది. తాకట్టు రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా ఆ చెక్కు కంపెనీ బీరువాలోనే ఉంది. వడ్డీ మొదలైంది మాత్రం చెక్కు మీది తేదీ నుంచే.

ఆ తర్వాతది ఇంకా ముఖ్యం. ఒక నెల ఐదో తారీఖున ఖాతాలో డబ్బు లేదు. ఖాతాలోంచి కిస్తీ దానంతటదే లాగే ఏర్పాటు, అంటే నాచ్, బౌన్స్ అయ్యింది. చార్జీ 500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590. అదే వారంలో మళ్లీ కొట్టారు, మళ్లీ 590. పదిహేనో తారీఖున ఇంకోసారి. ఒక్క కిస్తీకి 1,770 రూపాయలు కంపెనీకే వెళ్లాయి. ఆయన సొంత బ్యాంకు వేసిన బౌన్స్ చార్జీలు వేరే. ఇరవయ్యో తారీఖున ఆయనే వెళ్లి కిస్తీ మొత్తం కట్టాడు. కట్టిన డబ్బును కంపెనీ ముందు చార్జీల కింద జమ వేసుకుంది. కిస్తీ ఆ మేరకు తక్కువైంది. తక్కువైంది కాబట్టి ఆ నెల కూడా బాకీ కిందే లెక్క. బాకీ ఉంది కాబట్టి జరిమానా. ఏడాది తిరిగేసరికి, ప్రతి నెలా కిస్తీ కట్టిన మనిషి మూడు కిస్తీలు ఎగ్గొట్టినవాడిగా కంప్యూటర్లో కనిపించాడు. తొంభై రోజులు దాటిన బాకీ అంటే ఎన్‌పీఏ, మొండి బాకీ. ఇంటికి నోటీసు రావడానికి ఇక అడ్డేముంది?

ఆ స్టేట్‌మెంట్‌లో ఏ ఒక్క గీతా పెద్ద మోసంలా కనిపించదు. అన్నీ వందల్లోనే. అందుకే ఎవరూ చదవరు. చదివినవాళ్లు కూడా ఐదొందల కోసం ఎవరు తిరుగుతారులే అనుకుంటారు. మా సంఘం పని మొదలయ్యేది ఆ ఐదొందల దగ్గరే.

ఇది మేము ఊహించుకుని చెప్తున్న సంగతి కాదు. 2024 ఏప్రిల్ 29న రిజర్వు బ్యాంకు స్వయంగా ఒక సర్క్యులర్‌లో రాసింది. తనిఖీల్లో ఏం దొరికాయో చెప్పింది. డబ్బు చేతికివ్వక ముందే, లోను మంజూరైన తేదీ నుంచో ఒప్పందం రాసుకున్న తేదీ నుంచో వడ్డీ వేస్తున్నారు. చెక్కు ఇచ్చిన రోజు నుంచి కాకుండా చెక్కు మీది తేదీ నుంచి వేస్తున్నారు. నెల మధ్యలో అప్పు తీర్చినా నెలంతటికీ వసూలు చేస్తున్నారు. ఒకటో రెండో కిస్తీలు ముందే పట్టుకుని, వడ్డీ మాత్రం మొత్తం అప్పు మీద వేస్తున్నారు. ఇవన్నీ న్యాయం కాదని, తీసుకున్న అదనపు సొమ్ము తిరిగి ఇచ్చేయాలని ఆదేశించింది. ఏ కంపెనీ ఎంతమందికి ఎంత వెనక్కి ఇచ్చిందో మాత్రం మనకు చెప్పేవాళ్లు లేరు. నియంత్రించే సంస్థే తప్పని తేల్చిన సొమ్ము ఎవరి ఖాతాలో పడిందో అడగడం మా మొదటి పని.

రేటు పెరిగిన నెల

ఇరవై లక్షలు, 8 శాతం, ఇరవై ఏళ్లు. కిస్తీ 16,729 రూపాయలు. మొత్తం 240 నెలలు. రేటు 9.5 శాతానికి పెరిగిందనుకోండి, కిస్తీ అలాగే ఉంచితే ఆ అప్పు తీరడానికి 371 నెలలు పడుతుంది. ఒకటిన్నర శాతానికి దాదాపు పదకొండేళ్లు అదనం. రేటు 10.5 శాతమైతే నెల వడ్డీయే 17,500. కిస్తీ వడ్డీకే చాలదు. నెల నెలా కడుతూనే ఉంటారు, అప్పు పెరుగుతూనే ఉంటుంది. నలభై ఏళ్ల వయసులో లోను తీసుకున్న మనిషికి డెబ్బై దాటినా తీరదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. ఆ పది నెలల్లో ఎంతమంది కిస్తీల గడువు వాళ్లకు తెలియకుండా సాగిపోయిందో ఎవరి స్టేట్‌మెంట్ వాళ్లు తీసి చూసుకోండి. రేటు మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంత పెంచాలా అని అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలని, వడ్డీకి కూడా చాలని కిస్తీ ఉండకూడదని 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు చెప్పింది. మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. ఎస్సెమ్మెస్ వచ్చింది, అదీ ఇంగ్లిష్‌లో.

పెరిగినప్పుడు ఉన్న తొందర తగ్గినప్పుడు లేదు. 2025 ఫిబ్రవరి నుంచి రెపో తగ్గుతూ వచ్చింది. బ్యాంకులైతే 2019 అక్టోబరు 1 నుంచి కొత్త గృహ రుణాల ఫ్లోటింగ్ రేటును రెపో లాంటి బయటి సూచీకి ముడిపెట్టాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు. వాళ్ల సూచీ వాళ్లే తయారుచేసుకుంటారు, వాళ్లే మారుస్తారు. తక్కెడ వాళ్లదే, రాళ్లూ వాళ్లవే.

అరవై రోజులు, పదిహేను రోజులు, నలభై అయిదు రోజులు

2002 నాటి సర్ఫేసీ చట్టం కోర్టు మెట్లెక్కకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే దారి ఇచ్చింది. పెద్ద పెద్ద ఎగవేతదారుల కోసమని చెప్పి తెచ్చిన చట్టం. మొదట బ్యాంకులకు. తర్వాత హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ, బ్యాంకులు కాని పెద్ద ఫైనాన్స్ కంపెనీలకూ, అంటే ఎన్‌బీఎఫ్‌సీలకూ. ఎన్‌బీఎఫ్‌సీల విషయంలో ఒకప్పుడు కోటి రూపాయల అప్పు ఉంటేనే ఈ చట్టం వాడాలన్నారు. 2020లో అది యాభై లక్షలైంది. 2021లో ఇరవై లక్షలకు దిగింది. ఆ గీత కిందికి దిగుతున్న కొద్దీ మా వీధులు దాని పరిధిలోకి వస్తున్నాయి.

ఆ చట్టంలో అప్పు తీసుకున్నవాళ్లకు కూడా కొన్ని మెట్లు ఉన్నాయి. వాటి సంగతి నోటీసు అతికించిన మనిషి చెప్పడు కాబట్టి ఇక్కడ చెప్తున్నాం. ముందు 13(2) సెక్షన్ కింద బాకీ కట్టమనే నోటీసు, అరవై రోజుల గడువు. ఈ అరవై రోజుల్లో మీ అభ్యంతరం రాసి పంపాలి. పంపితే కంపెనీ దాన్ని పరిశీలించి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కారణాలతో పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఇది చాలామంది వదిలేసుకునే మెట్టు. నోటీసు చూడగానే కొందరు భయపడి దేవుడి పటం వెనక దాస్తారు, కొందరు మేనేజరు కాళ్లావేళ్లా పడతారు. కాగితం మీద జవాబు రాసేవాళ్లు అరుదు. రాయనివాళ్లకు తర్వాత ఏ ట్రిబ్యునల్లో చెప్పుకోవడానికైనా చేతిలో ఏమీ మిగలదు.

అరవై రోజులు దాటాక స్వాధీనం. గుమ్మం మీద నోటీసు అతికిస్తారు, రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో. జిల్లా పేజీలో అప్పు తీసుకున్నవాళ్ల పేరు, జామీను పడ్డ బావమరిది పేరు, సర్వే నంబరు, హద్దులు. ఊరంతా చదువుతుంది. స్వాధీనం తీసుకున్నాక నలభై అయిదు రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి వెళ్లొచ్చు. వేలానికి ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. వేలం ప్రకటన వెలువడక ముందే బాకీ మొత్తం కట్టగలిగితే ఇల్లు దక్కుతుంది. 2016 సవరణ తర్వాత ఆ ప్రకటనతోనే ఆ హక్కు ముగుస్తుందని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. కాబట్టి వేలం రోజున డబ్బు సంచీ పట్టుకుని వెళ్తే పనికాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు మాలో ఉన్నారు.

సాగు భూమికి ఈ చట్టం వర్తించదు. లక్ష లోపు అప్పుకూ వర్తించదు. మిగిలిన బాకీ అసలు, వడ్డీ మొత్తంలో 20 శాతం లోపే ఉన్నప్పుడూ వర్తించదు. ఇవన్నీ 31వ సెక్షన్‌లో ఉన్నాయి. స్వాధీనం చట్టవిరుద్ధమని తేలితే ఇల్లు తిరిగి ఇప్పించి నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించే 19వ సెక్షన్ కూడా ఉంది. అదే చట్టంలో 32వ సెక్షన్ కూడా ఉంది. కంపెనీ అధికారి సద్భావంతో చేసిన పనికి ఆయన మీద చర్య ఉండదని చెబుతుంది. చదవని కాగితం మీద పెట్టిన సంతకం సద్భావం ఎలా అవుతుందన్నది మేము వేయబోయే ప్రశ్న.

డీఆర్‌టీలు తెలంగాణలో హైదరాబాద్‌లో, ఆంధ్రలో విశాఖపట్నంలో ఉన్నాయి. అక్కడ ఓడితే అప్పీలు ఎక్కడో తెలుసా? కోల్‌కతాలో. వెళ్లే ముందు బాకీలో సగం డిపాజిట్ చేయాలి, ట్రిబ్యునల్ దయతలిస్తే పాతిక శాతానికి తగ్గొచ్చు. సగం బాకీ కట్టగలిగే స్తోమతే ఉంటే ఇల్లు వేలం దాకా ఎందుకొస్తుంది? 2004లో మార్డియా కెమికల్స్ కేసులో, మొదటి మెట్టులోనే 75 శాతం డిపాజిట్ కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పట్లో ఆ పోరాటం చేసినవి కంపెనీలు, వాళ్లకు లాయర్లున్నారు. రెండో మెట్టులోని షరతును కొట్టించే పని మన మీద పడింది.

సంతకం ఎవరిది?

అసలు దెబ్బ తగిలేది 14వ సెక్షన్ దగ్గర. ఇంట్లోంచి మనుషుల్ని ఖాళీ చేయించాలంటే కంపెనీ అధికారి జిల్లా మేజిస్ట్రేటుకో, చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటుకో దరఖాస్తు పెట్టుకోవాలి. దాంతోపాటు అఫిడవిట్ ఇవ్వాలి. అప్పు ఎంత, తాకట్టు ఎప్పుడు, బాకీ ఎంత, ఎన్‌పీఏ ఎలా అయ్యింది, నోటీసు ఎప్పుడిచ్చారు, అభ్యంతరం వస్తే దానికి జవాబిచ్చారా, ఇలా తొమ్మిది అంశాలు ప్రమాణం చేసి చెప్పాలి. అది చూసి మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తారు. ఇంటివాళ్లను పిలిచి అడగాల్సిన అవసరం చట్టంలో లేదు. అది పాలనాపరమైన లాంఛనం లాంటి పనేనని, వివాదాలు తేల్చే పని కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒక కుటుంబం ఇల్లు విడిచి పోవాలా వద్దా అన్నది ఆ ఒక్క అఫిడవిట్ నిజాయితీ మీద ఆధారపడింది. ఆ తొమ్మిది అంశాలనూ సంతకం పెట్టే అధికారి నిజంగా సరిచూసుకుంటాడా? నోటీసుకు మా సభ్యురాలు స్పీడ్ పోస్టులో పంపిన అభ్యంతరం, అందినట్టు రసీదు ఉన్నా, అఫిడవిట్‌లో ‘అభ్యంతరం ఏదీ రాలేదు’ అని కనిపించింది. సాఫ్ట్‌వేరులో అంతకుముందు నుంచే ఉన్న వాక్యం అది.

ఇది కొత్త కథ కాదు. 2010లో అమెరికాలో ఇదే బయటపడింది. జీఎంఏసీ మార్ట్‌గేజ్ ఉద్యోగి ఒకరు, నెలకు దాదాపు 10,000 కాగితాల మీద చదవకుండానే సంతకాలు చేశానని వాంగ్మూలం ఇచ్చాడు. ఫ్లోరిడాలో లిన్ సిమోనియాక్ అనే న్యాయవాది, తన ఇంటి మీదికే కేసు వస్తే, కంపెనీ చూపిన కాగితాల్ని పట్టి పట్టి చూసింది. ఒకే పేరుతో రకరకాల చేతిరాతల్లో సంతకాలు దొరికాయి. అదే పేరు మనిషి ఒక కాగితంలో ఒక బ్యాంకుకు ఉపాధ్యక్షురాలు, ఇంకో కాగితంలో ఇంకో బ్యాంకుకు. ఆ కాగితాలు తయారుచేసిన డాక్‌ఎక్స్ అనే సంస్థ అధినేత్రికి 2013లో అయిదేళ్ల జైలుశిక్ష పడింది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద సంస్థలు 49 రాష్ట్రాలతో, కేంద్ర ప్రభుత్వంతో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చాయి.

మొత్తం వినడానికి బావుంది. ఆ ఒప్పందం కింద, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఒక్కొక్కరికి దక్కింది సుమారు 1,480 డాలర్లు. ఇల్లు వెనక్కి రాలేదు. అక్కడి నుంచి మేము నేర్చుకుంటున్నది రెండు సంగతులు. కాగితాన్ని ఓపిగ్గా చదివిన మామూలు మనుషులే మొత్తం వ్యవహారాన్ని బయటపెట్టగలరు. ఇల్లు పోయాక వచ్చే న్యాయం బస్సు చార్జీలకే సరిపోతుంది. అందుకే మేము తాళం పడక ముందే లెక్క అడుగుతున్నాం.

రాష్ట్ర ప్రభుత్వాన్నే ఎందుకు అడగరు అని కొందరు పెద్దలు అడిగారు. 2010 అక్టోబరులో, సూక్ష్మరుణాల వేధింపులకు మహిళలు ప్రాణాలు తీసుకుంటున్న రోజుల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ మాత్రం ధైర్యం చేసిన రాష్ట్రం అప్పట్లో మనదే. కానీ రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఎన్‌బీఎఫ్‌సీలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దాని వెనకే 2023లో తెలంగాణ హైకోర్టు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన మన చట్టం విషయంలోనూ అదే తేల్చింది. కాబట్టి ఎమ్మెల్యే గారి ఇంటి ముందు ధర్నా చేస్తే ఫొటో వస్తుంది, పని కాదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల నియంత్రణ 2019 ఆగస్టు నుంచి రిజర్వు బ్యాంకుది. ఫిర్యాదులు తీసుకునేది నేషనల్ హౌసింగ్ బ్యాంకు. మన అర్జీలు అక్కడికి వెళ్లాలి, ప్రతులు మన ఎంపీలకు వెళ్లాలి. రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగినది ఒకటుంది. 14వ సెక్షన్ దరఖాస్తులు జిల్లా మేజిస్ట్రేట్ల హోదాలో కలెక్టర్ల దగ్గరికీ వస్తాయి.

కట్టని అపార్ట్‌మెంట్‌కు లోను మొత్తం బిల్డర్ ఖాతాలో పోసేసి, కిస్తీలు మాత్రం కొనుగోలుదారు నెత్తిన పెట్టే వ్యవహారం ఇంకో పెద్ద పుండు. కట్టిన మేరకే డబ్బు విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు 2013లోనే చెప్పినా ఇది సాగింది. ఢిల్లీ చుట్టుపక్కల బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కు మీద 2025లో సుప్రీంకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. హైదరాబాద్ శివార్లలో ఇలా చిక్కుకున్నవాళ్లు కూడా మాలో చేరొచ్చు.

ఎవరి పక్షాన నిలబడం

ఇది కూడా ముందే చెప్పాలి. ఆదాయం లేకున్నా ఉన్నట్టు ఐటీ రిటర్నులు పుట్టించి, తెలిసి తెలిసి దొంగ కాగితాలు పెట్టినవాళ్లకు మా దగ్గర చోటు లేదు. ఏజెంటు చెప్పాడని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టినవాళ్ల సంగతి వేరు, వాళ్లే మాలో ఎక్కువ. అద్దె వసూలు చేసుకుంటూ నాలుగు ఇళ్ల మీద అప్పులు తెచ్చి ఎగ్గొట్టేవాళ్లకు లాయర్లున్నారు, మా అవసరం లేదు.

వసూలుకు వచ్చే కుర్రాళ్ల మీద చేయి చేసుకోవడం, బైకు తాళాలు లాక్కోవడం ఉండదు. వాళ్లూ మన పిల్లలే. టార్గెట్ తప్పితే వాళ్ల జీతమూ తెగుతుంది. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్లు చేయకూడదని, బంధువుల్నీ ఇరుగుపొరుగునూ వేధించకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు మరోసారి చెప్పింది. ఉల్లంఘిస్తే ఫోను రికార్డు చేసి ఫిర్యాదు కంపెనీ మీద చేద్దాం, కుర్రాడి మీద కాదు.

స్టే తెప్పిస్తామని, సెటిల్‌మెంట్ చేయిస్తామని ముందే డబ్బు గుంజే దళారులు మా సభల చుట్టూ తిరగడం అప్పుడే మొదలైంది. సంఘం పేరుతో ఎవరైనా ఒక్క రూపాయి అడిగితే దొంగ అనుకోండి. మేము స్టేలు ఇప్పిస్తామని ఎవరికీ మాటివ్వం.

మేము అడుగుతున్నవి

13(2) నోటీసుతోపాటు మొదటి రోజు నుంచి ఆ రోజు దాకా ఖాతా లెక్క తెలుగులో జతచేయాలి. రేటు మారిన ప్రతిసారీ పాత రేటు, కొత్త రేటు, ఎవరు నిర్ణయించారో అందులో ఉండాలి. అది లేని నోటీసుకు అరవై రోజుల గడియారం మొదలవకూడదు. కొత్త రుణాలకు 2024 అక్టోబరు నుంచి అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని, అందులో లేని చార్జీ వాళ్లు ఒప్పుకోకుండా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అప్పు ఇచ్చేటప్పుడు అర్థమయ్యే భాష కావాలంటే, ఇల్లు లాక్కునేటప్పుడు అంతకన్నా ఎక్కువ కావాలి కదా.

14వ సెక్షన్ అఫిడవిట్ ఇచ్చే అధికారి ఫైలు స్వయంగా చూశానని, ఏ రోజు చూశాడో రాయాలి. అఫిడవిట్ నకలు ఇంటివాళ్లకు పదిహేను రోజుల ముందు అందాలి, వాళ్లు చెప్పేది ఒక్కసారైనా వినాలి. దీనికి చట్ట సవరణ కావాలి, దానికోసం పార్లమెంటుకు వెళ్తాం. సవరణ వచ్చేదాకా కలెక్టర్లను ఒకటే కోరుతున్నాం. ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు, అభ్యంతరానికి ఇచ్చిన జవాబు నకలు ఫైలులో ఉందో లేదో తిరగేసి చూడండి. తప్పుడు అఫిడవిట్ తేలితే 32వ సెక్షన్ రక్షణ వర్తించదని చట్టంలోనే రాయాలి, శిక్ష సంతకం పెట్టిన గుమాస్తాతో ఆగకుండా కంపెనీ పైఅధికారుల దాకా వెళ్లాలి.

ఒక్క ఇల్లే ఉన్న కుటుంబానికి అప్పీలు డిపాజిట్ పూర్తిగా మినహాయించాలి. అప్పీలు ట్రిబ్యునల్ బెంచి ఒకటి తెలుగు నేల మీదికి రావాలి. విజయవాడలో, తిరుపతిలో, వరంగల్‌లో డీఆర్‌టీ నెలకోసారైనా కూర్చోవాలి.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల రేటు కూడా బయటి సూచీకి కట్టాలి. పెరిగిన రోజే పెంచేవాళ్లు తగ్గిన రోజే తగ్గించాలి.

అప్పు తీరాక ముప్పై రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ సొమ్ము అడగకపోతే ఇవ్వరు, అడిగినా ఇవ్వరు. దానంతటదే ఖాతాలో పడాలి. లోను తీరిపోయి ఏడాదైనా సేల్ డీడ్ కోసం బ్రాంచి చుట్టూ తిరుగుతున్నవాళ్ల జాబితా మేమే తయారుచేసి నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పంపుతాం, రోజుకు 5,000 చొప్పున లెక్కకట్టి.

ఎలా పనిచేస్తాం

సంఘం పేరు మొదటి మహాసభలో తేలుస్తాం. నాలుగు పేర్ల మీద ఇప్పటికే రెండు గంటలు కొట్టుకున్నాం, ఇంకా తెగలేదు.

ప్రతి జిల్లా కేంద్రంలో నెలకో ఆదివారం స్టేట్‌మెంట్లు చదివే బల్ల పెడతాం. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, లెక్కల మాస్టార్లు, కామర్స్ చదివే పిల్లలు, ఇంకా వయసు మళ్లని లాయర్లు ముందుకొచ్చారు. వాళ్లు కూర్చుని మీ లోను లెక్క మొదటి నుంచి కడతారు. అదనంగా పడినవి ఎర్ర పెన్నుతో గుర్తుపెడతారు. ఆ కాగితంతో కంపెనీకి మీ పేరు మీదే, తెలుగులో, ఉత్తరం వెళ్తుంది. నెలలో జవాబు రాకపోతే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకూ, రిజర్వు బ్యాంకుకూ. 13(2) నోటీసు అందినవాళ్ల పని ముందు. అరవై రోజుల లోపలే అభ్యంతరం రాసి పంపే బాధ్యత జిల్లా కమిటీది, ఆ గడువు దాటిపోతే కమిటీ తప్పు.

కంపెనీల వారీగా చార్జీల పట్టిక ఒకటి కడుతూ పోతాం. ఒకే కంపెనీ ఒకే తప్పు వందమంది ఖాతాల్లో చేసినట్టు కనబడితే అది పొరపాటని ఎవరూ అనలేరు. ఒక్కొక్కరం విడివిడిగా వెళ్తే మేనేజరు టీ ఇప్పించి పంపేస్తాడు, ఆ పట్టికతో వెళ్తే పైనుంచి ఫోన్ వస్తుంది.

సభ్యత్వానికి డబ్బు అక్కర్లేదు. పార్టీ ఏదైనా పర్వాలేదు. మీ లోను మొదటి రోజు నుంచి పూర్తి స్టేట్‌మెంట్, రేట్ల మార్పు వివరాలు, చార్జీల పట్టిక ఇవ్వమని మీ కంపెనీకి ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ఆ ఉత్తరం నకలు, పోస్టు రసీదు జిరాక్సు జిల్లా కమిటీకి ఇవ్వండి. ఒరిజినల్ రసీదు మాకు ఇవ్వొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. ట్రిబ్యునల్లో అది కావాలి.